కనపడని అద్దెదారు

2022 ఏప్రిల్‌లో ఒక ఆదివారం పొద్దున నాన్న వాట్సాప్‌లో ఒక ఫోటో పంపారు. ఇంటిపన్ను డిమాండు నోటీసు. కింద ఒకే వాక్యం: "ఇల్లు అదే, గోడలు అవే, పన్ను మాత్రం పెరిగింది, ఎందుకో కాస్త చూడరా."

మాది కృష్ణా డెల్టాలో ఒక మాదిరి పట్నం. నాన్న స్కూలు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. 1986లో లోను పెట్టి కట్టిన రెండు గదుల డాబా ఇల్లు. తర్వాత ఒక వరండా కలిసింది, అంతే. ఏడాదికి 1,200 రూపాయల పన్ను చాలా ఏళ్ళు కదలకుండా ఉండేది. ముందు సంవత్సరం 1,380 అయింది. ఈసారి 1,587. లైబ్రరీ సెస్సు మళ్ళీ వేరే.

నిజం చెప్పాలంటే నాకది పెద్ద మొత్తంగా అనిపించలేదు. బెంగుళూరు నుంచి వచ్చిన స్నేహితులతో ఒక శనివారం రాత్రి భోజనానికి వెళ్తే అంతకంటే ఎక్కువే అవుతుంది. ఆ మాటే నాన్నతో అన్నాను. ఆయనకి కోపం వచ్చింది. "ఎంత అని అడగలేదు నిన్ను. ఎందుకు అని అడిగాను" అన్నారు.

నాకు జవాబు తెలీదు. రోజూ వేరేవాళ్ళు రాసిన కోడ్ చదివి, ఫలానా అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో వెనక్కి వెతుక్కుంటూ వెళ్ళడమే నా ఉద్యోగం. అదే పద్ధతిలో 1,587 అనే అంకె వెనక పడ్డాను. వెతికిన కొద్దీ అది జీవోల్లోంచి కోర్టు తీర్పుల్లోకి, అక్కణ్ణుంచి స్వాతంత్ర్యోద్యమంలోకి వెళ్ళింది. విచిత్రమేమిటంటే ఈ కథలో ముఖ్యమైన ఘట్టాలు చాలావరకు పాత గుంటూరు జిల్లాలోనే జరిగాయి.

ఎవరీ అద్దెదారు?

ఇంటిపన్నులో మొదటి చిక్కు ఇల్లు డబ్బు సంపాదించదు. జీతం మీద పన్నంటే జీతం కనిపిస్తుంది. సరుకు మీద పన్నంటే బిల్లు కనిపిస్తుంది. మనం కట్టుకుని మనమే ఉంటున్న ఇంటికి ఎంత పన్ను వెయ్యాలి?

దీనికి ఇంగ్లీషువాళ్ళు ఒక ఉపాయం కనిపెట్టారు. అక్కడ పేదల పోషణ కోసం ఊళ్ళలో ఇళ్ళ మీదా భూముల మీదా పన్ను వేసేవారు. ఇంటిని ఏడాదికి అద్దెకిస్తే సబబుగా ఎంత రావచ్చు అన్నదే ఆ పన్నుకి కొలత అని 1836లో చట్టంలో రాశారు. ఇంట్లో నిజంగా అద్దెకున్నారా లేదా అన్నది అనవసరం. ఒక అద్దెదారుణ్ణి ఊహించుకుని, అతను ఎంత ఇస్తాడో ఊహించుకుని, దాంట్లో ఇంత శాతం అని పన్ను వేస్తారు.

ఆ ఊహే ఓడెక్కి మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టంలో ఇంటి వార్షిక విలువ అంటే, నెలకో ఏడాదికో అద్దెకిస్తే సబబుగా రాగల మొత్తం అనే రాశారు. కోస్తా పట్నాల్లో స్వాతంత్ర్యం వచ్చాక కూడా చాలాకాలం నడిచింది ఆ చట్టమే. 1965లో ఆంధ్రప్రదేశ్ సొంత మునిసిపాలిటీల చట్టం తెచ్చుకున్నప్పుడూ వార్షిక అద్దె విలువ అనే కొలత అలాగే ఉంది.

అంటే మా నాన్న ఇల్లు కట్టి గృహప్రవేశం చేసిన రోజే, మాకెవరికీ తెలియకుండా ఒక కనపడని అద్దెదారు కూడా లోపలికి వచ్చాడు. అతను ఇచ్చే అద్దె ఎంతో మాకు తెలీదు. దాని మీద పన్ను మాత్రం ముప్పై అయిదేళ్ళు మేమే కట్టాం.

పట్నంలో పన్ను ఎందుకు పెరిగింది అన్న ప్రశ్నకి నాకు దొరికిన జవాబు చాలావరకు ఈ అద్దెదారు కథే. అతని అద్దె ఎంతో ఎవరు చెబుతారు, ఎప్పుడు మారుస్తారు అన్నదాని చుట్టూనే గొడవంతా నడిచింది.

చీరాల: ఇల్లే వదిలేస్తే

మొదటి గొడవ చీరాల, పేరాలలో. అప్పుడవి గుంటూరు జిల్లాలో ఉండేవి. బడిలో ఈ పాఠం అందరం చదివాం. సహాయ నిరాకరణోద్యమం, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, ఆంధ్రరత్న, రామదండు, నాలుగు మార్కుల ప్రశ్న. అది ఇంటిపన్ను గొడవ అన్న సంగతి మాత్రం నాకు బుర్రలో లేదు.

చీరాల, పేరాల, చుట్టుపక్కల ఒకటి రెండు గ్రామాలు కలిసి ఒక యూనియన్‌గా ఉండేవి. పంచాయతీకి కొంచెం పెద్దది, మునిసిపాలిటీకి చిన్నది. జనాభా పదిహేను వేల చిల్లర, అందులో నేతపనివాళ్ళు ఎక్కువ. యూనియన్ పన్నుల రూపంలో ఏడాదికి నాలుగు వేల రూపాయల దాకా వసూలు చేసేది. 1919 ప్రాంతంలో మద్రాసు ప్రభుత్వం దీన్ని మునిసిపాలిటీగా మార్చింది. ఆ మార్పుతో పన్నుల భారం ముప్పై, నలభై వేలకి చేరిందని చరిత్రకారులు రాశారు. తక్కువ అంకె తీసుకున్నా ఏడెనిమిది రెట్లు.

ఎందుకింత? మునిసిపాలిటీ అంటే ఒక బోర్డు తగిలించడం కాదు కాబట్టి. దానికి సిబ్బంది కావాలి, పారిశుద్ధ్యం, దీపాలు, రోడ్లు కావాలి. చట్టం ప్రకారం ఆ ఖర్చంతా ఊరివాళ్ళే భరించాలి. ప్రభుత్వ వాదన కూడా ఇదే: ఊరు పెరిగింది, ఆరోగ్యం కాపాడాలంటే డబ్బు కావాలి. దాన్ని కొట్టిపారెయ్యలేం. ఇవాళ ఏ కమిషనర్ని అడిగినా అదే చెబుతాడు.

ఊరివాళ్ళ వాదన మరోటి. మాకొద్దు అని అర్జీలు పెట్టుకున్నాం, మీరు వినలేదు. ఎన్నికైన సభ్యులు రాజీనామా చేశారు. ప్రభుత్వం జీతం ఇచ్చి ఒక ఛైర్మన్‌ని పెట్టి మునిసిపాలిటీని నడిపించింది. పన్ను కట్టనివాళ్ళ మీద కేసులు పెట్టారు. జైలుకి వెళ్ళినవాళ్ళలో ఒక స్త్రీ కూడా ఉంది.

ఇక్కడ ఒక వైరుధ్యం ఉంది. అప్పటికే ద్వంద్వ పాలన వచ్చింది. స్థానిక స్వపరిపాలన శాఖ భారతీయ మంత్రి చేతికి వెళ్ళింది. మద్రాసులో ఆ శాఖ చూసింది పానగల్ రాజా రామరాయణింగారు, తెలుగువాడే. శాఖ పేరు స్వపరిపాలన, మంత్రి మనవాడు, ఊళ్ళో మాత్రం పాలకవర్గం లేదు, జీతం ఛైర్మన్ ఉన్నాడు.

1921 ఏప్రిల్ మొదట్లో బెజవాడలో కాంగ్రెస్ సమావేశాలు ముగించుకుని గాంధీ చీరాల వచ్చారు. ఆయన చెప్పింది రెండు దారులు: హింసకి దిగకుండా పన్ను నిరాకరించడం, లేదా ఊరే వదిలి వెళ్ళిపోవడం. కాంగ్రెస్ తరఫున మాత్రం సాయం ఆశించొద్దన్నారు. ఎడింబరోలో చదువుకుని వచ్చి, అప్పటికి ముప్పై ఒక్క ఏళ్ళున్న గోపాలకృష్ణయ్య రెండో దారి పట్టారు. ఆ ఎండాకాలంలో ఊళ్ళో అత్యధిక భాగం జనం సామాన్లు సర్దుకుని, మునిసిపాలిటీ హద్దు దాటి, పాకలు వేసుకున్నారు. దానికి రామనగర్ అని పేరు. అక్కడ తమకి తామే పంచాయతీ పెట్టుకున్నారు. పదకొండు నెలలు ఉన్నారు.

దీన్ని త్యాగంగానే చదివాను ఇన్నాళ్ళూ. పన్ను లెక్క తెలిశాక ఇంకో సంగతి కనిపించింది. ఇంటిపన్నుకి ఆధారం ఇల్లు. ఇంట్లోంచి బయటికి నడిచివెళ్ళిపోతే, హద్దు దాటితే, ఆ కనపడని అద్దెదారు ఒక్కడే మిగులుతాడు, అతని దగ్గర వసూలు చేసుకోమనండి. తర్కంగా చూస్తే ఇంతకంటే గట్టి జవాబు లేదు. మనుషులుగా చూస్తే ఎండలో, వానలో, చంటిపిల్లలతో పదకొండు నెలలు. గోపాలకృష్ణయ్యని బరంపురంలో అరెస్టు చేసి ఏడాది జైలు వేశారు. నడిపించేవాడు లేక, చేతిలో డబ్బు లేక జనం ఒక్కొక్కరుగా ఇళ్ళకి తిరిగి వచ్చేశారు. ఇవాళ చీరాల మునిసిపాలిటీయే.

ఓడిపోయిన ఉద్యమం అనొచ్చు. అయితే మన పట్నాల పాలకులకి అది ఒక భయాన్ని మిగిల్చి ఉంటుందని నా అనుమానం. ఇంటిపన్ను జోలికి వెళ్తే జనం ఎంత దూరమైనా వెళ్తారు. తర్వాత వందేళ్ళలో మన ప్రభుత్వాలు ఇంటిపన్ను దగ్గర ప్రవర్తించిన తీరు చూస్తే ఆ భయం ఏదో ఉందనే అనిపిస్తుంది.

గుంటూరు: 1944లో ఆగిపోయిన అద్దె

రెండో గొడవ జరిగింది జిల్లా కేంద్రంలో. ఈసారి పాకలు లేవు, వకీళ్ళు ఉన్నారు.

రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో పట్నాల్లో ఇళ్ళు దొరక్క అద్దెలు మండిపోయాయి. ప్రభుత్వాలు అద్దె నియంత్రణ తెచ్చాయి. ఆ నియంత్రణ యుద్ధంతో పోలేదు, చట్టాలుగా కొనసాగింది. ఆంధ్రప్రదేశ్ 1960లో చేసిన అద్దె నియంత్రణ చట్టం చదివితే ఒక తేదీ కనిపిస్తుంది: 1944 ఏప్రిల్ 5. ఇంటికి న్యాయమైన అద్దె ఎంతో తేల్చాలంటే, ఆ తేదీకి ముందు పన్నెండు నెలల్లో ఆ చుట్టుపక్కల అలాంటి ఇళ్ళకి ఎంత అద్దె నడిచిందో చూడాలి. దాని మీద కొంత శాతం పెంచుకోవచ్చు.

మా భాషలో దీన్ని హార్డ్‌కోడ్ చెయ్యడం అంటాం. ఎవరో ఒక అవసరంలో ఒక విలువ రాసి పెడతారు, అవసరం తీరిపోతుంది, విలువ మాత్రం అలాగే ఉండిపోతుంది. ఎవరూ ముట్టుకోరు, ముట్టుకుంటే ఏం విరుగుతుందో తెలీదు కాబట్టి.

ఇది అద్దెకున్నవాళ్ళ కోసం చేసిన చట్టం. ఇంటిపన్నుతో దీనికేం పని? గుంటూరు పన్ను చెల్లింపుదారుల సంఘం ఆ పని చూపించింది. వాళ్ళ ప్రశ్న చాలా సూటిగా ఉంది. పన్ను చట్టం సబబుగా రాగల అద్దె అంటోంది. అద్దె చట్టం ఇంతకంటే ఎక్కువ తీసుకోవడం తప్పు అంటోంది. తీసుకుంటే తప్పయ్యే అద్దె సబబైన అద్దె ఎలా అవుతుంది?

మునిసిపాలిటీ తన వాదన వినిపించింది: కంట్రోలర్ న్యాయమైన అద్దె తేల్చిన ఇళ్ళకైతే సరే, ఎవరూ తేల్చని ఇళ్ళ సంగతేంటి, వాటికి మార్కెట్ అద్దె చూస్తాం. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1970లో కోర్టు సంఘం వైపు నిలబడింది. కంట్రోలర్ తేల్చినా తేల్చకపోయినా తేడా లేదు, అద్దె చట్టంలోని సూత్రాల ప్రకారమే మునిసిపాలిటీ విలువ కట్టాలి అంది. గుంటూరు కేసు అక్కడితో ఆగలేదు. దేశమంతా ఇలాంటి తగాదాల్లో దాన్ని ఉదహరించారు. 1979లో ఢిల్లీ ఇళ్ళ మీద వచ్చిన దివాన్ దౌలత్‌రాయ్ కపూర్ తీర్పుదీ ఇదే బాట.

గెలిచారు. నాకూ సంతోషమే, తర్కం అంత బాగుంది. ఆ గెలుపు ఏం చేసిందో కూడా చూడాలి కదా. కనపడని అద్దెదారు అద్దె గడ్డకట్టింది. బయట బియ్యం ధర పెరిగింది, సిమెంటు ధర పెరిగింది, పారిశుద్ధ్య కార్మికుల జీతాలు పెరిగాయి, ఊరు నాలుగు దిక్కులా పెరిగింది. అతని అద్దె మాత్రం యుద్ధకాలం నాటి సూత్రం దగ్గరే ఉండాలి.

పైగా అందరికీ ఒకేలా కాదు. 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన భవనాలకి అద్దె నియంత్రణ వర్తించదని అదే చట్టంలో ఒక మినహాయింపు ఉంది. కొత్తగా ఇళ్ళు కట్టేవాళ్ళని ప్రోత్సహించడానికి పెట్టారది. దానర్థం, పక్కపక్కనే ఉన్న రెండు ఇళ్ళలో పాతదానికి పాత లెక్క, కొత్తదానికి మార్కెట్ లెక్క పడొచ్చు. పాత బజారులో మూడు తరాలుగా ఉన్న మేడ కంటే, ఊరి చివర అప్పు చేసి కట్టుకున్న గుమాస్తా ఇంటికి ఎక్కువ పన్ను వచ్చే వీలుంది. ఆ మినహాయింపుని 1983లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇరవై ఆరేళ్ళ క్రితం కట్టిన వాటిని ఇంకా కొత్తవే అనడం కుదరదంది.

పన్ను పెరగకపోవడం కూడా ఒక రకమైన పన్నే అని నాకు ఇక్కడ తట్టింది. అది వేరేవాళ్ళ మీద పడుతుంది, లేదా తర్వాతి తరం మీద.

మూడు వందల రూపాయల హైదరాబాదు

ఈ ముడి విప్పడానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1990లో కొత్త నిబంధనలు తెచ్చింది. ఇల్లిల్లూ తిరిగి అద్దె ఊహించే పని మానేసి, ఊరిని జోన్లుగా విడగొట్టారు. జోనులో ఎలాంటి కట్టడానికి చదరపు మీటరుకి నెలకి ఎంత అద్దె అని ఒక పట్టిక తయారు చేసి గెజిట్లో ప్రకటిస్తారు. ఆర్‌సీసీ శ్లాబు, మద్రాసు టెర్రేసు, మంగుళూరు పెంకు, నాటు పెంకు, పూరిల్లు, ఇలా వరసలు. విస్తీర్ణంతో హెచ్చవేసి, ఇంటి వయసుని బట్టి తగ్గించడం: పాతికేళ్ళ లోపైతే 10 శాతం, నలభై లోపైతే 20, ఆపైన 30.

నిజానికి ఇది మంచి సంస్కరణ. బిల్ కలెక్టరు దయాదాక్షిణ్యాలు తగ్గాయి. ఎవరి పన్ను వాళ్ళు లెక్కేసుకోవచ్చు. అయితే పట్టికని ఎప్పటికప్పుడు మారిస్తేనే అది నిజమైన అద్దెల దగ్గర ఉంటుంది. అయిదేళ్ళకొకసారి సవరించాలన్నది ఉద్దేశం. జరిగింది వేరు. నివాస గృహాలకి 2002లో సవరించాక, రెండు దశాబ్దాల పాటు ఏ పార్టీ ప్రభుత్వం ఉన్నా పట్టికని ముట్టుకోలేదు. దుకాణాలు, ఆఫీసుల విలువలు 2007లో పెంచారు. దుకాణానికి ఓటు లేదు కదా.

నేనుండే హైదరాబాదులో ఇప్పటికీ ఈ అద్దెదారే ఉన్నాడు. అక్కడ శ్లాబులు చూస్తే నవ్వొస్తుంది. నెల అద్దె విలువ 50 రూపాయల దాకా పన్ను లేదు. 100 దాకా 17 శాతం, 200 దాకా 19, 300 దాకా 22, అది దాటితే 30. అంటే నగరంలో అందరికంటే పై శ్లాబు నెలకి మూడు వందల రూపాయల అద్దె దగ్గర మొదలవుతుంది. ఆ మూడు వందలకి ఇవాళ నలుగురం సరిగ్గా బిరియానీ తినలేం. నా ఫ్లాటుకి మునిసిపల్ లెక్కలో ఉన్న అద్దె, నేను నిజంగా అద్దెకిస్తే వచ్చేదాంట్లో పదో వంతు కూడా ఉండదు. 2016లో గ్రేటర్ ఎన్నికలకి ముందు, ఏడాదికి 1,200 దాకా పన్ను కట్టే ఇళ్ళకి దాన్ని 101 రూపాయలకి తగ్గించారు కూడా.

మా నాన్నకి పెరిగింది, నాకు పెరగలేదు. నా ఇంటి విలువ ఆయన ఇంటికి ఎన్ని రెట్లో చెప్పడానికి సిగ్గేస్తుంది. ఫోన్లో ఆయనకి ఆ సంగతి చెప్పలేదు.

కొనేవాడు వచ్చాడు

ఇంతకీ ఆయనకి ఎందుకు పెరిగింది?

2020 మే. కోవిడ్ లాక్‌డౌను. రాష్ట్రాల ఖజానాలు ఖాళీ. కేంద్రం రాష్ట్రాలకి అదనంగా అప్పు తెచ్చుకునే వీలిచ్చింది, కొంత భాగానికి షరతులు పెట్టింది. వాటిలో ఒకటి పట్టణ సంస్కరణలు: ఇంటిపన్ను కనీస రేట్లని ఆస్తుల రిజిస్ట్రేషన్ విలువలకి అనుగుణంగా ప్రకటించాలి. ఆంధ్రప్రదేశ్ 2020లోనే చట్టాలు సవరించింది, నవంబరులో జీవో 198 ఇచ్చింది. 2021 జనవరికల్లా మధ్యప్రదేశ్‌తో పాటు ఈ షరతు పూర్తి చేసిన మొదటి రాష్ట్రాల్లో నిలిచి, 2,525 కోట్ల రూపాయల అదనపు అప్పుకి అనుమతి తెచ్చుకుంది. పదిహేనో ఆర్థిక సంఘం కూడా పట్టణాలకిచ్చే గ్రాంట్లకి ఇలాంటి షరతే పెట్టింది.

2021 ఏప్రిల్ నుంచి కొత్త లెక్క. కనపడని అద్దెదారుణ్ణి ఖాళీ చేయించారు. అతని స్థానంలో కనపడని కొనుగోలుదారు వచ్చాడు. ఇల్లు అద్దెకిస్తే ఎంత అని ఇక అడగరు, అమ్మితే ఎంత అని అడుగుతారు. స్థలానికి సబ్ రిజిస్ట్రారు పుస్తకంలో విలువ, దానికి కట్టడం విలువ కలిపితే మూలధన విలువ. నివాసాలకి దాని మీద 0.10 నుంచి 0.50 శాతం మధ్య, మిగతావాటికి 0.20 నుంచి 2 శాతం మధ్య పన్ను. 375 చదరపు అడుగుల లోపు ఇంట్లో యజమానే ఉంటే ఏడాదికి 50 రూపాయలు చాలు. గొడవ కాకుండా ఒక అడ్డు కూడా పెట్టారు: పాత పన్ను మీద ఏడాదికి 15 శాతం మించి పెంచకూడదు.

ఈ 15 శాతం గురించే నాన్నకి కాగితం మీద వేసి చూపించాల్సి వచ్చింది. ఇంటి విలువ 24 లక్షలనుకుందాం. వెయ్యికి రూపాయి చొప్పున 2,400. పాత పన్ను 1,200. ఒకేసారి రెట్టింపు చెయ్యరు. 1,380, 1,587, 1,825, 2,099, అయిదో ఏట 2,400. పదిహేను శాతం వినడానికి చిన్నగా ఉంటుంది గానీ చక్రవడ్డీలా నడిస్తే అయిదేళ్ళలో రెండింతలు. ఈలోగా రిజిస్ట్రేషన్ విలువలు సవరించి అదే ఇల్లు 30 లక్షలంటే, చేరాల్సిన గమ్యం 3,000కి జరుగుతుంది. రేటు ఎవరూ మార్చక్కర్లేదు. మన వీధి చివర ఎవరో అపార్ట్‌మెంట్ కట్టి మంచి ధరకి అమ్ముకుంటే చాలు.

ఎందుకు పెరిగింది అన్నదానికి నేను తేల్చుకున్న జవాబు ఇది. ఊరి ఖర్చులు ఏటా కొంచెం కొంచెం పెరుగుతాయి. మన పన్ను మాత్రం అలా పెరగలేదు. దశాబ్దాల పాటు కదలదు, తర్వాత కొలబద్ద మారుస్తారు, అప్పుడు కదులుతుంది. చీరాలలో యూనియన్ మునిసిపాలిటీ అయినప్పుడు, ఇప్పుడు అద్దె విలువ మూలధన విలువ అయినప్పుడు. మధ్యలో పెంచకపోవడం దయలా కనిపించింది. ఇప్పుడు కడుతున్నది ఆ దయ బాకీ.

కొలబద్ద మారే వేళకి ఊరికి గొంతు ఉందా అన్నది రెండో ప్రశ్న. 2020 నవంబరులో జీవో వచ్చేనాటికి మన పట్నాల్లో పాలకవర్గాలు లేవు, ప్రత్యేకాధికారులు ఉన్నారు. ఎన్నికలు 2021 మార్చిలో జరిగాయి. గుంటూరు నగరానికైతే 2010 నుంచి ఎన్నికైన పాలకవర్గమే లేదు. చీరాలలో జీతం ఛైర్మన్ గుర్తొచ్చాడు నాకు. రెండూ ఒకటే అనను. అది పరాయి ప్రభుత్వం, ఇది మనం ఓటేసి తెచ్చుకున్నది, పెంపుకి పరిమితి కూడా పెట్టింది. కానీ ఊరి పన్ను ఊరికి చెప్పకుండా తేలిపోయే అలవాటు మాత్రం వందేళ్ళుగా పోలేదు. మద్రాసులో తేలేది, ఇప్పుడు ఢిల్లీలో అప్పు షరతుగా తేలుతోంది.

మరి మూలధన విలువ తప్పా? తప్పనలేను. 1944 అద్దె కంటే, మూడు వందల రూపాయల శ్లాబు కంటే అది నిజానికి దగ్గర. పెద్ద ఇంటికి ఎక్కువ, చిన్న ఇంటికి తక్కువ పడుతుంది. చెత్త తీసే మనిషికి నెల తిరిగేసరికి జీతం ఇవ్వాలంటే ఊరికి సొంత డబ్బు ఉండాలి. కానీ అద్దెదారుకీ కొనేవాడికీ ఒక తేడా ఉంది. అద్దె ఏ నెలకా నెల చేతికొచ్చే డబ్బు. ఇల్లు అమ్మితే వచ్చే డబ్బు ఇల్లు పోతే గానీ చేతికి రాదు. వీధిలో ధరలు పెరిగితే నాన్న పింఛను పెరగదు. కాగితం మీద ధనవంతుడై, అదే జీతపు రాళ్ళతో పన్ను కట్టాలి. పాత ఇళ్ళలో ముసలివాళ్ళు ఒంటరిగా మిగిలిపోయిన మన పట్నాలకి ఇది చిన్న సంగతి కాదు. వాళ్ళకి వాయిదా ఇవ్వడమో, ఇల్లు చేతులు మారేటప్పుడు వసూలు చేసుకోవడమో చెయ్యొచ్చు. అలాంటివి ఆలోచించాలంటే ముందు ఎవరో ఒకరు వాళ్ళని అడగాలి.

ఇదంతా ఫోన్లో గంటసేపు చెప్పాను. నాన్న మధ్యలో ఆపలేదు, క్లాసులో మంచి విద్యార్థి చెబుతుంటే విన్నట్టు విన్నారు. చీరాల దగ్గర మాత్రం "మా తాతయ్య చెప్పేవాడు" అన్నారు, ఏం చెప్పేవాడో చెప్పలేదు. చివర్లో అడిగారు:

"అయితే ఎవడో కొంటాడనుకుని లెక్కేశారంటావు."

"అవును నాన్నా."

"నేను అమ్మనుగా."

నా దగ్గర జవాబు లేదు. కాసేపాగి ఆయనే మాట మార్చారు. నోటీసులో లైబ్రరీ సెస్సు అని ఉందే, అదెంత అన్నారు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు, 1,587కి 127 రూపాయలు అన్నాను. పన్ను పెరిగితే అదీ పెరుగుతుందా అన్నారు. పెరుగుతుంది అన్నాను. "మన శాఖా గ్రంథాలయంలో ఫ్యాను తిరిగి రెండేళ్ళయింది. ఆ డబ్బులు అక్కడికి చేరుతున్నాయో లేదో అది కూడా కనుక్కో" అన్నారు.

ఆ నెలాఖరు లోపు ఏడాది మొత్తం కడితే అయిదు శాతం తగ్గింపు ఉంది. 28న వార్డు సచివాలయానికి వెళ్ళి కట్టేసి, రసీదు ఫోటో పంపారు. ఈసారి కింద రాసింది ఇది: "డెబ్భై తొమ్మిది రూపాయలు మిగిలాయి. ఫ్యాను సంగతి ఏమైంది?"